ఇంగ్లిష్ ‘టేక్’ను మలయ్‌లో ఎలా చెప్పాలి?

మలేషియాకు కొత్తగా వచ్చిన మనవాళ్ళు మలయ్‌లో మొట్టమొదట పట్టుకునే మాటల్లో ‘అంబిల్’ ఒకటి. ఫోన్‌లో ‘టేక్’ అని కొడితే ముందు వచ్చేది అదే. ఇక అక్కడినుంచి బస్సు అంబిల్, మందు అంబిల్, స్నానం అంబిల్, పిల్లల్ని బడికి అంబిల్. ఇక్కడి మనుషులు మంచివాళ్ళు, ఎదుటివాళ్ళ ముఖం చూసి అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తారు. కానీ కొన్ని చోట్ల ఈ మాట అర్థాన్నే తలకిందులు చేస్తుంది. ఆస్పత్రిలోనో, పిల్లల బడి దగ్గరో అలా జరిగితే టెన్షన్ మామూలుగా ఉండదు.

మాది టెక్కలి దగ్గర పల్లె. పెళ్ళయ్యాక పేరా రాష్ట్రంలోని బగాన్ దతో ప్రాంతానికి వచ్చాను. మా అత్తవారి తాతముత్తాతలు ఉత్తరాంధ్రనుంచి తోటల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలవాళ్ళు. నాకు మలయ్ నేర్పింది మా అత్తమ్మే. ఇప్పుడు క్లాంగ్‌లో ఒక క్లినిక్‌లో మందుల కౌంటర్ దగ్గర పని చేస్తున్నాను. ఆదివారాలు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు మలయ్ చెబుతాను. క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది ఈ ఒక్క క్రియ దగ్గరే. ఇది చక్కబడితే మాట్లాడే మలయ్‌లో సగం చక్కబడుతుంది.

నేను చెప్పే పద్ధతి ఒకటే. మలయ్ వాక్యాన్ని ఇంగ్లిష్‌లోంచి కట్టకండి. ఆ పనిని తెలుగులో ఏ క్రియతో చెబుతామో ముందు అనుకోండి. బస్సు ఎక్కుతాం, ఫోటో తీస్తాం, స్నానం చేస్తాం, మాత్ర వేసుకుంటాం, చెప్పులు విప్పుతాం, పిల్లల్ని బడి దగ్గర దింపుతాం. ఇంగ్లిష్ ఈ పనులన్నిటికీ ‘టేక్’ వాడేస్తుంది. మలయ్ మనలాగే ఒక్కో పనికి ఒక్కో మాట పెట్టుకుంది. చాలాసార్లు మన మాటా వాళ్ళ మాటా ఒకటే ఆలోచనలోంచి వచ్చినట్టుంటాయి. కలవని చోట్లు కొన్నే, అవి వచ్చినప్పుడు చెబుతాను.

ముందు పలకడం సంగతి. మలయ్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాస్తారు గానీ చదివే తీరు వేరు. మలేషియా, ఇండోనేషియా 1972లో స్పెల్లింగ్ కలిపి సవరించుకున్నాక ‘సి’ అక్షరం ఎక్కడున్నా ‘చ’ అనే చదవాలి. ‘ఎన్’, ‘జి’ పక్కపక్కనే వస్తే మన అక్షరమాలలోని ‘ఙ’. చిన్నప్పుడు క ఖ గ ఘ తర్వాత వల్లించి వదిలేసిన ఆ అక్షరానికి ఇక్కడ బోలెడు పని. అందుకే ఈ వ్యాసంలో ‘మెఙంబిల్’, ‘జాఙన్’ అని రాస్తున్నాను. వీటిలో ‘గ’ వినిపించకూడదు. మాట చివర ‘క్’ వస్తే దాన్ని పూర్తిగా పలకరు, గొంతులోనే ఆపేస్తారు.

‘అంబిల్’ అసలు చేసే పని

ఒకచోట ఉన్నదాన్ని చేతిలోకి, లేదా తనవైపుకి తీసుకోవడమే ‘అంబిల్’. బల్లమీది పుస్తకం అంబిల్. ప్రభుత్వ ఆఫీసుల్లో గుమ్మం దగ్గర కనిపించే బోర్డు ‘సీల అంబిల్ నొంబొర్ గిలిరన్’, అంటే దయచేసి టోకెన్ నంబరు తీసుకోండి. షాపులో ఇది తీసుకుంటాను అనడానికి వస్తువు చూపించి ‘సాయ అంబిల్ యఙ్ ఇని’ అంటే సరిపోతుంది. సాయ అంటే నేను.

గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, అంబిల్‌లో వస్తువు నా దగ్గరికి వస్తుంది. నా దగ్గరనుంచి ఇంకోచోటికి పోయేదానికి ఈ మాట పనికిరాదు. ఇంగ్లిష్ వాళ్ళ టేక్ అటూ ఇటూ రెండు వైపులా నడుస్తుంది. చిక్కు వచ్చేది అక్కడే.

పిల్లల బడి సంగతి తీసుకోండి. పొద్దున బిడ్డను బడికి తీసుకెళ్ళి వదిలిపెట్టడం ‘హంతర్’. ‘హంతర్ ఆనక్ కె సెకోలా’. ఆనక్ అంటే బిడ్డ, ‘కె’ అంటే మన ‘కు’. మధ్యాహ్నం బడినుంచి తెచ్చుకోవడం ‘అంబిల్’. ‘అంబిల్ ఆనక్ ది సెకోలా’. ‘ది’ అంటే ఆ చోట, ఆ చోటులో. కొత్తగా వచ్చిన తల్లి ఒకావిడ పొద్దున్నే టీచరుకు మెసేజ్ పెట్టింది, పిల్లవాడిని నేను బడికి తీసుకొస్తున్నాను అని చెప్పాలని. ఆవిడ రాసింది అంబిల్‌తో. టీచరుకు అర్థమైంది మాత్రం, తల్లి వచ్చి పిల్లవాణ్ణి ఇంటికి తీసుకెళ్ళిపోతుందని. ఇంకా బడికే రాని పిల్లవాణ్ణి ఎలా తీసుకెళ్తుందని టీచరు కంగారుపడింది. తెలుగులో ‘దింపుతాను’ అనుకుని ఉంటే ఆవిడకు హంతర్ గుర్తొచ్చేది.

టాక్సీలోనూ ఇదే లెక్క. ‘తోలోఙ్ హంతర్ సాయ కె హోస్పితల్, బఙ్’ అంటే, అన్నా, కాస్త నన్ను ఆస్పత్రి దగ్గర దింపు. ‘అంబిల్ సాయ ది హోస్పితల్’ అంటే నన్ను ఆస్పత్రి దగ్గర ఎక్కించుకో. రెండోది ఫోన్‌లో చెబితే డ్రైవరు నేరుగా ఆస్పత్రికే పోతాడు, మీరు ఇంటి ముందే నిలబడి ఉంటారు. ఈ ‘బఙ్’ అనేది అబఙ్‌కు పొట్టి రూపం, అన్న అని. ఆడవాళ్ళనైతే ‘కాక్’, అక్క. పెద్దవాళ్ళను పాక్‌చిక్, మాక్‌చిక్, మన బాబాయ్, పిన్నిలాగ. వరస కలిపి పిలిస్తే ఇక్కడా మనసు కరుగుతుంది.

హంతర్‌లో వదిలిపెట్టి వచ్చేయడం ఉంది. కూడా ఉండేట్టయితే ‘బావ’. ఈ మాట వినగానే మనవాళ్ళు నవ్వుతారు, ఆ నవ్వుతోనే మరిచిపోకుండా గుర్తుంటుంది కూడా. ‘బావ ఆనక్ కె తామన్’, బిడ్డను పార్కుకు తీసుకెళ్ళు, అంటే నువ్వూ వెంట ఉంటావు. ‘బావ పాయుఙ్’, గొడుగు వెంట తీసుకెళ్ళు. కారు నడపడం కూడా ‘బావ కెరెత’.

ఇక్కడ తెలుగుకీ మలయ్‌కీ ఒక తేడా. మనకు తీసుకెళ్ళడం, తీసుకురావడం రెండు మాటలు. వాళ్ళకు రెండూ బావే. ఎటు అనేది పక్కన చేర్చే మాట చెబుతుంది. బావ మాసుక్ అంటే లోపలికి తీసుకురావడం, బావ కెలువర్ బయటికి తీసుకెళ్ళడం, బావ బాలిక్ ఇంటికి పట్టుకెళ్ళడం, బావ కె సీని ఇక్కడికి తేవడం. మనవాళ్ళు ఉత్త ‘బావ’ అని ఆగిపోతారు. ఎదుటివాళ్ళు ఎక్కడికి అని అడుగుతారు. ఆ రెండో మాట కూడా కలిపి అలవాటు చేసుకోండి.

మందుల కౌంటర్ దగ్గర

ఇది నేను రోజూ చూసేది కాబట్టి వివరంగా రాస్తాను.

మందు వేసుకోవడాన్ని మలయ్‌లో ‘మాకన్ ఊబత్’ అంటారు. మాకన్ అంటే తినడం, ఊబత్ అంటే మందు. మనం మాత్ర వేసుకుంటాం, వాళ్ళు మందు తింటారు. దగ్గు సిరప్‌కైనా మామూలు మాటల్లో మాకన్ ఊబత్ అనేస్తారు. ఇండోనేషియానుంచి పనికి వచ్చినవాళ్ళు మాత్రం మందు ‘తాగుతారు’, మాత్రయినా సరే ‘మీనుమ్ ఓబత్’ అనే అంటారు. అది వాళ్ళ తీరు, తప్పు కాదు. మలేషియాలో మీరు మాకన్ అనండి.

మరి ‘అంబిల్ ఊబత్’ అంటే? కౌంటర్ దగ్గరికి వెళ్ళి మందులు అందుకోవడం. ఒక కుర్రాడు జ్వరంతో డాక్టరుకు చూపించుకున్నాడు. బయటికి వస్తుంటే నర్సు ‘దా అంబిల్ ఊబత్?’ అని అడిగింది. ‘దా’ అంటే అయిపోయిందా అని. అతను పొద్దున ఇంట్లో వేసుకున్న పారాసెటమాల్ గుర్తొచ్చి ‘దా, దా’ అని తలూపి వెళ్ళిపోయాడు. అతని మందుల పొట్లం కౌంటర్ మీదే ఉండిపోయింది. రాత్రి జ్వరం పెరిగాక మళ్ళీ వచ్చాడు. ఆమె అడిగింది మందులు అందుకున్నావా అని. వేసుకున్నావా అని అడగాలంటే ‘దా మాకన్ ఊబత్?’ అనేది.

ఇంకో చిన్న మెలిక ఉంది. ఆరోగ్య శాఖ పోస్టర్లలో, పత్రికల్లో రాసే మలయ్‌లో అంబిల్‌ను లోపలికి పుచ్చుకోవడం అనే అర్థంలోనూ వాడతారు. ‘కురాఙ్కన్ పెఙంబిలన్ గూల’ అని చక్కెర జబ్బు పోస్టర్ మీద ఉంటుంది, చక్కెర వాడకం తగ్గించండి అని. టీకా వేయించుకోవడానికి కూడా అంబిల్ వాడతారు. మాటల్లోనైతే ‘చూచుక్’ అంటే చాలు, సూది గుచ్చడం. రాతలో ఉండే అంబిల్‌ను చదివి అర్థం చేసుకోండి, కౌంటర్ దగ్గర మాత్రం మాకన్‌నే నమ్ముకోండి.

మందు పొట్లం మీద చీటీ చదవడం వస్తే చాలా ధైర్యంగా ఉంటుంది. మామూలుగా ఇలా ఉంటుంది: ‘మాకన్ 2 బీజి, 3 కాలి సెహారి, సెలెపస్ మాకన్’. రెండు మాత్రలు, రోజుకు మూడుసార్లు, భోజనం తర్వాత. బీజి అంటే గింజ, సంస్కృతం బీజమే అది. మాత్రలను, గుడ్లను, పండ్లను బీజి చెప్పి లెక్కపెడతారు. కాలి అంటే సారి. వాక్యంలో మాకన్ రెండుసార్లు వచ్చిందని కంగారు పడకండి, మొదటిది మందు వేసుకోవడం, రెండోది అన్నం తినడం. సెలెపస్ అంటే తర్వాత, సెబెలుమ్ అంటే ముందు. సెబెలుమ్ తీదుర్ అంటే పడుకోబోయే ముందు. బీల పెర్లు అని ఉంటే అవసరమైనప్పుడే వేసుకోవాలి, రోజూ కాదు. యాంటీబయాటిక్ మీద ‘హబిస్కన్’ అని ఉంటే జ్వరం తగ్గినా సరే మొత్తం అయ్యేదాకా వాడాలి. ఈ మాట మీద నేను ప్రతి ఒక్కరికీ వేలు పెట్టి చూపిస్తాను.

పూసుకునే మందుకు మాకన్ రాదు, ‘సాపు’ ఉంటుంది. చుక్కల మందుకు తీతిస్, పీల్చేదానికి సెదుత్, పుక్కిలించేదానికి కుముర్. ఇక్కడ ఇంగ్లిష్‌లో ఆలోచించి అన్నిటినీ ‘టేక్’ అనుకుంటే ప్రమాదం. పుక్కిలించి ఉమ్మేయాల్సినదాన్ని మింగకూడదు కదా. ‘జాఙన్ తెలన్’ అని కనిపిస్తే, మింగవద్దు అని అర్థం. జాఙన్ అంటే వద్దు.

గబగబా కొన్ని

బస్సు, రైలు, విమానం, టాక్సీ ఏదైనా ‘నాయిక్’, ఎక్కడం. నాయిక్ బస్, నాయిక్ తెక్సి. దిగడం తురున్. ‘బఙ్, తురున్ సీని’, అన్నా, ఇక్కడ దిగుతాను. తెలుగుకు ఇది అచ్చంగా సరిపోతుంది కాబట్టి ఎక్కువ చెప్పను.

స్నానం ‘మందీ’, ఒక్క మాటే. మందు పక్కన పెట్టుకుని గుర్తుంచుకుంటే గందరగోళమవుతుంది, విడిగా నేర్చుకోండి. విశ్రాంతి తీసుకోవడం బెరేహత్. కూర్చోండి అనడానికి ‘సీల దూదుక్’. చెప్పులు విప్పడం ‘బూక కాసుత్’. బూక అంటే తెరవడం, విప్పడం రెండూ. గుళ్ళ దగ్గర, మసీదుల దగ్గర బోర్డుల మీద ‘తంగల్కన్’ అనే పెద్దమనిషి మాట కూడా కనిపిస్తుంది. విమానం పైకి లేవడం బెర్లెపస్. జాగ్రత్త అని చెప్పడానికి ‘జాగ దీరి’. ఈ జాగ మన జాగరణ, జాగ్రత్తల చుట్టమే.

హోటల్లో పార్సిల్ కావాలంటే అంబిల్ జోలికి పోవద్దు. ‘మాకన్ సీని కె బుంకుస్?’ అని అడుగుతారు, ఇక్కడ తింటారా, కట్టివ్వాలా అని. ‘బుంకుస్’ అంటే పొట్లం కట్టడం. చైనీయుల నుంచి వచ్చిన ‘తాపావ్’ కూడా అందరి నోటా వినిపిస్తుంది. రెండిట్లో ఏదన్నా ఫరవాలేదు.

ఫోటోకు ‘అంబిల్ గంబర్’ సరైన మాటే. గంబర్ అంటే బొమ్మ. పిల్లలు ‘తంకప్ గంబర్’ అని కూడా అంటారు, బొమ్మ పట్టుకోవడం. ‘కాక్, బోలే తోలోఙ్ అంబిల్ గంబర్ కామి?’ అంటే, అక్కా, కాస్త మా ఫోటో తీస్తారా? పెట్రోనాస్ టవర్ల ముందు మనవాళ్ళకు పొద్దస్తమానం పనికొచ్చే వాక్యం ఇది.

భోజనాల దగ్గర తెలుగు కాస్త దారి తప్పిస్తుంది. మన ఇంట్లో అతిథిని ‘తీసుకోండి, మొహమాటపడకండి’ అంటాం. దాన్ని అంబిల్‌గా మార్చితే అర్థమవుతుంది గానీ ఆప్యాయత పోతుంది. వాళ్ళు ‘జెంపుత్’ అంటారు. జెంపుత్ మాకన్, జెంపుత్ మీనుమ్. పిలవడం, ఆహ్వానించడం దాని అర్థం. ఎవరినైనా వెళ్ళి వెంటబెట్టుకు రావడానికి కూడా జెంపుత్ వాడతారు, కాబట్టి ఎయిర్‌పోర్టులో చుట్టాల్ని తెచ్చుకోవడానికి అంబిల్ అన్నా జెంపుత్ అన్నా చెల్లుతుంది. రెండోదానిలో మర్యాద ఎక్కువ. ఎవరైనా కానుక ఇస్తే పుచ్చుకోవడం ‘తెరీమ’. ‘తెరీమ కాసిః’ అనే ధన్యవాదంలో ఉన్నది ఆ మాటే. అన్నట్టు, ఇచ్చినా పుచ్చుకున్నా కుడిచేత్తోనే. ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు.

తెలుగు తెలిసినవాళ్ళకు సులువైన పలుకుబళ్ళు

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. మా అత్తమ్మ మలయ్ ఇడియమ్‌లు తెలుగులోకి తిప్పి చెబుతుంటే, వీటిని విడిగా బట్టీ పట్టాల్సిన అవసరమే లేదని నాకు తెలిసింది.

‘అంబిల్ బహగియన్’ అంటే పాల్గొనడం. బహగియన్ అంటే భాగం. మన ‘పాల్గొను’ను విడదీసి చూడండి: పాలు, అంటే వాటా, కొను, అంటే తీసుకోవడం. మలయ్‌వాళ్ళు చెప్పేదీ అదే, వాటా తీసుకోవడం. ‘అంబిల్ కీర’, కీర అంటే లెక్క, లెక్కలోకి తీసుకోవడం. ‘అంబిల్ తిందకన్’, చర్య తీసుకోవడం. లంచం పుచ్చుకునేవాడిని మనం లంచం తింటాడంటాం, వాళ్ళు కూడా ‘మాకన్ సూవప్’ అంటారు, సూవప్ అంటే నోటికి అందించే ముద్ద. పని ఆలస్యమైతే ‘అంబిల్ మాస’ అనవచ్చు, ‘మాకన్ మాస’ అని కూడా అంటారు, టైమ్ తినేస్తుంది అని. ఈ మాస సంస్కృతం మాసమే, ఇక్కడికి వచ్చాక నెల పోయి కాలం అనే అర్థం మిగిలింది.

‘అంబిల్ హాతి’ దగ్గర మాత్రం నెమ్మదిగా వెళ్ళాలి. హాతి అంటే మనసు. ఇది సందర్భాన్నిబట్టి రెండు వైపులకు పోతుంది. ‘దియ పాందయ్ అంబిల్ హాతి’ అంటే ఆమెకు మనసులు గెలుచుకోవడం బాగా తెలుసు అని మెచ్చుకోలు. ‘జాఙన్ అంబిల్ హాతి’ అంటే మనసులో పెట్టుకోవద్దు. ఎవరైనా కాస్త కటువుగా మాట్లాడి వెంటనే ఈ మాట అంటే, సర్దుకుపోదాం అని అడుగుతున్నారన్నమాట. నవ్వి ‘తాక్ అప’ అనేయండి, ఫరవాలేదు అని. దీనికి దగ్గరగా ‘అంబిల్ బెరాత్’ ఉంది. బెరాత్ అంటే బరువు. ఒకరి మంచిచెడ్డలు పట్టించుకోవడం, శ్రద్ధ పెట్టడం. మీరు జబ్బు పడినప్పుడు పక్కింటివాళ్ళు వచ్చి పలకరిస్తే ‘తెరీమ కాసిః కెరన అంబిల్ బెరాత్’ అని చూడండి. ఆ ఇంటినుంచి మర్నాడు గంజి వస్తుంది, నేను చూశాను.

ఈ పలుకుబళ్ళలో తెలుగు కలవని చోట్లు రెండు. మనం పరీక్ష రాస్తాం, వాళ్ళు తీసుకుంటారు: ‘అంబిల్ పెపెరిక్సాన్’. మాటను ఒలిచి చూస్తే లోపల ఉన్నది మన పరీక్షే. మనం సెలవు పెడతాం, వాళ్ళు సెలవు తీసుకుంటారు: ‘అంబిల్ చూతి’. హిందీ ఛుట్టీని గుర్తుపట్టే ఉంటారు.

ముందూ వెనకా తగిలే ముక్కలు

మలయ్‌లో క్రియకు కాలం, లింగం, వచనం ఏవీ తగలవు. నిన్నైనా రేపైనా, నేనైనా వాళ్ళైనా అంబిల్ అంబిలే. మారేది ముందూ వెనకా చేరే చిన్న ముక్కలతో. వాటికీ తెలుగులో మంచి జతలున్నాయి.

రాతలో, కాస్త మర్యాదైన మాటల్లో ముందు ‘మెఙ్’ చేరి ‘మెఙంబిల్’ అవుతుంది. ‘దిలారఙ్ మెఙంబిల్ గంబర్’, ఫోటోలు తీయరాదు. కానీ ఎవరినైనా ఏదైనా చేయమని చెప్పేటప్పుడు ఈ మెఙ్ తీసేయాలి. టోకెన్ బోర్డు మీద ‘సీల అంబిల్’ అని ఉంది కదా, అందుకే. నోటితో మాట్లాడేటప్పుడు ఎటూ మూలరూపమే వాడతారు.

‘ది’ ముందు చేరితే చేసినవాడు వెనక్కి పోతాడు. వ్యాకరణం పుస్తకాలు దీన్ని కర్మణి అని చెబుతాయి. దాంతో మనవాళ్ళు ‘తీయబడుతుంది’ అని తర్జుమా చేసి ఈ రూపాన్ని కష్టమనుకుంటారు. అలా చేయకండి. ‘దారా ఆకన్ దిఅంబిల్ ఏసోక్’ అంటే ‘రేపు రక్తం తీస్తారు’. ఎవరు తీస్తారో మనం చెప్పం, చెప్పకపోయినా వాక్యం నిండుగా ఉంటుంది. ‘తిందకన్ ఆకన్ దిఅంబిల్’ అంటే చర్య తీసుకుంటారు. మనం కర్త లేకుండా తీస్తారు, ఇస్తారు, చెబుతారు అనే ప్రతిచోటా వాళ్ళ ‘ది’ రూపం హాయిగా కూర్చుంటుంది. మలయ్‌లో ఇది రోజువారీ మాట, పుస్తకాల మాట కాదు. ఒక్క సంగతి చూసుకోండి, ఈ ‘ది’ని క్రియకు కలిపేసి రాయాలి. చోటు చెప్పే ‘ది’ని విడిగా రాయాలి. ఇక్కడి పిల్లలు కూడా బడిలో దీనికి మార్కులు పోగొట్టుకుంటారు.

‘తెర్’ చేరితే అనుకోకుండా జరిగిపోయినట్టు. వానాకాలంలో క్లినిక్ గుమ్మం దగ్గర గొడుగుల గుట్ట ఉంటుంది. ‘మాఆఫ్ కాక్, సాయ తెరంబిల్ పాయుఙ్ కాక్’, క్షమించండక్కా, పొరపాటున మీ గొడుగు తీసేసుకున్నాను. తెర్ లేకుండా ఉత్త అంబిల్ అంటే కావాలనే తీసుకున్నారని అవుతుంది. తేడా చిన్నది, ఫలితం చిన్నది కాదు.

చివర ‘కన్’ చేరితే ఒకరి కోసం చేసిపెట్టడం. ‘తోలోఙ్ అంబిల్కన్ ఆయెర్’, కాస్త నీళ్ళు తెచ్చిపెట్టు. మన ‘పెట్టు’ ఎంత పని చేస్తుందో ఇక్కడ కన్ అంత పని చేస్తుంది. బెలికన్ అంటే కొనిపెట్టు, బుకకన్ అంటే తెరిచిపెట్టు. ప్రతి కన్‌కూ ఇదే అర్థం కాదు, తంగల్కన్‌లో, హబిస్కన్‌లో ఉన్నది వేరే కన్. కానీ ఇంట్లో ఒకరినొకరు అడిగే పనుల్లో ఈ అర్థమే ఎక్కువ.

నిఘంటువులో వెతికేటప్పుడు మెఙంబిల్‌ను మ అక్షరం కింద వెతక్కండి. ముందు ముక్కలు ఒలిచి మూలరూపం ‘అంబిల్’ కింద చూడాలి. దేవన్ బహాస దాన్ పుస్తక సంస్థ 1970లో మొదటిసారి వేసిన మలయ్ నిఘంటువు ‘కాముస్ దేవన్’ నుంచి ఇదే పద్ధతి. వాట్సాప్‌లో మాత్రం ఏ నిఘంటువూ పనిచేయదు. నోటి మాటలో అంబిల్ ‘అంబిక్’ అవుతుంది, టైప్ చేసేటప్పుడు ‘అమిక్’ అయిపోతుంది, మన తీసుకో ‘తీస్కో’ అయినట్టే. చదివి గుర్తుపట్టండి. ఆఫీసు మెయిల్లో మాత్రం మెఙంబిల్ రాయండి.

ఇక మీరు చేయవలసిన అభ్యాసం. మీ అమ్మగారు ఊరినుంచి వస్తున్నారనుకోండి. ఆ నెల రోజుల్లో మీరు చేసే పనులు తెలుగులో రాసుకుని, ఒక్కోదానికి క్రియ వెతకండి. ఎయిర్‌పోర్టుకు వెళ్ళి తెచ్చుకోవాలి: జెంపుత్, లేదా అంబిల్. పొద్దున బీపీ మాత్ర వేసుకుందో లేదో అడగాలి: మాకన్. కామెరాన్ హైలాండ్స్ చూపించడానికి తీసుకెళ్ళాలి: బావ, మీరూ వెంట ఉంటారు కాబట్టి. అక్కడ టీ తోటలో ఫోటో తీయాలి: అంబిల్ గంబర్. ఆమెతో పాటు మీరు రెండు రోజులు సెలవు పెట్టాలి: అంబిల్ చూతి. హోటల్లో ఆమెకు కారం చాలక తినలేదు, ఇంటికి కట్టించుకుని పచ్చడి వేసుకుని తింటానంది: బుంకుస్. తిరిగి వెళ్ళే రోజు ఎయిర్‌పోర్టులో దింపాలి: హంతర్. రాసుకున్న కాగితం చూడకుండా ఇవన్నీ పైకి అనగలిగితే, మర్నాడు కౌంటర్ దగ్గర ఎవరైనా ‘దా అంబిల్ ఊబత్?’ అని అడిగినప్పుడు మీ చేతిలో పొట్లం ఉందో లేదో చూసి జవాబు చెబుతారు.